సెకండ్ హ్యాండ్ ఏటీవీ గేర్ల పేచీలు: ఏది స్వభావం, ఏది సెట్టింగ్, ఏది జబ్బు

సెకండ్ హ్యాండ్ ఏటీవీ (మట్టి దారుల్లో నడిచే నాలుగు లావు చక్రాల బండి) కొన్న కొత్తలో ఎక్కువమందిని కంగారుపెట్టేది గేర్లే. రివర్స్ పడదు. న్యూట్రల్ దొరకదు. గేరు వేయగానే కింద ‘దడ్’మంటుంది. ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజన్ అరుస్తుంది గానీ బండి లాగదు. అమ్మినవాళ్లను అడిగితే ‘ఈ మోడల్ అంతే’ అంటారు. ఇంకొకరిని అడిగితే ‘గేర్‌బాక్స్ విప్పాల్సిందే’ అంటారు. ఈ రెండు మాటల్లో దేన్నీ వెంటనే నమ్మొద్దు.

గేర్ల దగ్గర కనిపించే ఏ ఇబ్బందికైనా మూల కారణం మూడింటిలో ఒకటి. ఒకటి, ఆ రకం గేర్‌బాక్స్ స్వభావమే అంత. రెండు, పాత యజమాని పట్టించుకోకుండా వదిలేసిన సెట్టింగ్, అంటే కేబుల్, ఆయిల్, ఐడ్లింగ్ (యాక్సిలరేటర్ ఇవ్వనప్పుడు ఇంజన్ తిరిగే వేగం) లాంటివి. మూడు, లోపల నిజంగా అరిగిన లేదా విరిగిన భాగం. వెతకడం కూడా ఈ వరసలోనే జరగాలి. మూడోదానితో మొదలుపెడితే, పావు మలుపు స్క్రూ తిప్పితే పోయే సమస్యకు ఇంజన్ మొత్తం విప్పాల్సి వస్తుంది. కింద రాసిన అడుగులన్నీ ఈ వరసను బట్టే ఉన్నాయి. ఒకసారికి ఒక్కటే మార్చండి, మార్చాక నడిపి చూడండి. నాలుగు పనులు ఒకేసారి చేస్తే ఏది పనిచేసిందో ఎప్పటికీ తెలియదు.

1. మీ బండిలో ఏ రకం గేర్‌బాక్స్ ఉందో తేల్చుకోండి

ఇది తేలకుండా ఎవరి సలహా విన్నా ప్రమాదమే, ఎందుకంటే ఒక రకానికి సరైన సలహా ఇంకో రకాన్ని పాడుచేస్తుంది. సీటు మీద కూర్చుని ఎడమ చేతి వైపు, ఎడమ కాలి వైపు చూడండి.

ఎడమ హ్యాండిల్‌కు క్లచ్ లివర్, ఎడమ కాలి దగ్గర గేర్ పెడల్ రెండూ ఉంటే అది మాన్యువల్. స్పోర్ట్ రకం ఏటీవీలు ఎక్కువగా ఇవే. వీటిలో సాధారణంగా ఒకటో గేరు కిందకు, తర్వాత న్యూట్రల్, పైకి రెండు నుంచి ఐదు దాకా ఉంటాయి. రివర్స్ ఉంటే దానికి విడిగా ఒక నాబ్ గానీ లివర్ గానీ ఉంటుంది.

గేర్ పెడల్ ఉంది, క్లచ్ లివర్ లేదు అంటే సెమీ ఆటోమేటిక్. ఎడమ చేతి దగ్గర లివర్ కనిపించినా అది వెనక బ్రేకుది. బైకు అలవాటున్నవాళ్లు దాన్ని క్లచ్ అనుకుని గేరు మార్చే ప్రతిసారీ బ్రేకు నొక్కేస్తుంటారు, బండి కుదుపుతోందని బాధపడతారు. ఈ రకంలో చాలావాటికి న్యూట్రల్ అడుగున ఉంటుంది, గేర్లన్నీ పైకే. రివర్స్ వేయాలంటే ఒక బటన్ నొక్కి పట్టుకుని న్యూట్రల్ నుంచి పెడల్ కిందకు తొక్కాలి. ఆ బటన్ సంగతి తెలియక ‘రివర్స్ పోయింది’ అనుకునేవాళ్లు చాలామంది.

కాలి పెడల్ బదులు ఎడమ హ్యాండిల్ మీద పైకి, కిందకు బాణం గుర్తులున్న బటన్లు ఉంటే అది ఎలక్ట్రిక్ షిఫ్ట్. లోపల ఉన్నది సెమీ ఆటోమేటిక్ గేర్‌బాక్సే, కాలు చేసే పని ఒక చిన్న మోటారు చేస్తుంది. హోండా యుటిలిటీ (బరువు పనులకు వాడే) ఏటీవీల్లో ఇది బాగా కనిపిస్తుంది.

ట్యాంకు పక్కన చేతితో వేసే లివర్, దాని మీద పార్క్, రివర్స్, న్యూట్రల్, హై, లో గుర్తులు ఉంటే దాదాపుగా అది సీవీటీ, అంటే గేర్ల మెట్లు లేకుండా పుల్లీల మధ్య బెల్టుతో వేగం మారే రకం. పోలారిస్ కంపెనీ 1985లో తన మొదటి ఏటీవీల నుంచే ఈ దారి పట్టింది. ఇప్పుడు పెద్ద యుటిలిటీ బండ్లలో ఎక్కువ భాగం ఇదే రకం.

రకం తెలిశాక ఛాసిస్ నంబరు చూసి మోడల్, సంవత్సరం ఖాయం చేసుకుని దాని సర్వీస్ మాన్యువల్ సంపాదించండి. యజమాని మాన్యువల్ సరిపోదు. ఇక్కడ నేను చెప్పే కొలతలు ఒక అంచనా కోసమే, మీ బండికి చివరి మాట ఆ మాన్యువల్‌దే.

2. జబ్బు కానివాటిని ముందు పక్కన పెట్టండి

ఏటీవీ గేర్‌బాక్స్ కారు గేర్‌బాక్స్ లాంటిది కాదు. కారులో గేర్ల వేగాన్ని సమం చేసే సింక్రోనైజర్లు ఉంటాయి. ఇక్కడ ఉండవు. గేర్ల పళ్లు ఎప్పుడూ ఒకదానితో ఒకటి కలిసే ఉంటాయి. మనం లివర్ కదిపినప్పుడు కదిలేది ఒక గేరు పక్క భాగాన ఉండే మొద్దు పళ్లు, వాటినే డాగ్స్ అంటారు. అవి పక్క గేరులో ఉన్న గాడుల్లోకి దూరితే గేరు పడ్డట్టు. పన్ను సరిగ్గా గాడికి ఎదురుగా ఉంటే ‘ఠక్’మని పడుతుంది. పన్నుకు పన్ను ఎదురైతే ఎంత తోసినా పడదు.

ఈ ఒక్క విషయం అర్థమైతే సగం టెన్షన్ పోతుంది. ఆగి ఉన్న బండిలో రివర్స్ ఒక్కోసారి పడకపోవడం, ‘లో’ నుంచి ‘హై’కి మార్చేటప్పుడు లివర్ మధ్యలో ఇరుక్కోవడం, ఇంజన్ ఆపి పెడల్ తొక్కితే రెండో గేరుకు మించి వెళ్లకపోవడం, ఇవన్నీ పన్నుకు పన్ను ఎదురవడమే. బండిని ఒక అంగుళం ముందుకో వెనక్కో కదపండి, లేదా న్యూట్రల్‌లోకి తెచ్చి మళ్లీ వేయండి. పడిపోతుంది. కాలితో తన్నడం, లివర్ మీద బలమంతా పెట్టడం మాత్రం చేయొద్దు. లోపల గేరును జరిపే ఫోర్క్ సన్నటి భాగం, అది వంగితే బయటనుంచి సరిచేసే దారి లేదు.

వాలు మీద పార్క్‌లో పెట్టిన బండి లివర్ రాకపోవడం కూడా ఇలాంటిదే. బండి బరువంతా పార్కింగ్ కొక్కెం మీద పడి బిగుసుకుంటుంది. బండిని పై వైపుకు కొద్దిగా కదిపి, బ్రేకు నొక్కి పట్టుకుంటే వదులుతుంది. ఇకమీదట మొదట పార్కింగ్ బ్రేకు వేసి, ఆ తర్వాత పార్క్‌లో పెట్టండి.

ఇంకా కొన్ని మామూలే. చల్లగా ఉన్న ఇంజన్‌లో మొదటి గేరు గట్టి శబ్దంతో పడటం, రివర్స్‌లోనూ ‘లో’ గేరులోనూ గేర్లు కూతపెట్టడం. రివర్స్‌లో ఇంజన్ ఒక స్థాయి దాటి వేగం అందుకోకపోతే అది కంపెనీ పెట్టిన పరిమితి, అత్యవసరానికి దాన్ని దాటించే బటన్ చాలా బండ్లకు ఉంటుంది. కొన్ని స్పోర్ట్ మోడళ్లు పార్కింగ్ బ్రేకు వదలకపోయినా ఇలాగే ముక్కుతాయి. ఫోర్ వీల్ బటన్ నొక్కగానే ముందు చక్రాలు పట్టుకోకపోవడం కూడా చాలా మోడళ్లలో సహజమే. పోలారిస్ పద్ధతిలో వెనక చక్రాలు జారితేనే ముందువి అందుకుంటాయి.

సెమీ ఆటోమేటిక్ కొత్తగా నడిపేవాళ్లు ఒకటి తప్పక తెలుసుకోవాలి. గేర్ పెడల్ తొక్కిన క్షణంలో క్లచ్ విడుతుంది, పెడల్ వదిలినప్పుడే మళ్లీ పట్టుకుంటుంది. అంటే ఆ పెడలే మీ క్లచ్. యాక్సిలరేటర్ వదిలి, పెడల్ పూర్తిగా తొక్కి, నెమ్మదిగా వదిలితే గేరు మెత్తగా మారుతుంది. బైకులో లాగా టక్కున తన్ని వదిలేస్తే కుదుపు వస్తుంది, అది బండి తప్పు కాదు.

3. టైర్లు, చైను, ఇరుసులు చూడకుండా గేర్‌బాక్స్ జోలికి వెళ్లొద్దు

ఈ అడుగును దాదాపు అందరూ వదిలేస్తారు, అందుకే కాస్త ఎక్కువ చెబుతున్నాను.

ఏటీవీ టైర్లకు గాలి చాలా తక్కువ ఉండాలి, చాలా మోడళ్లకు 3 నుంచి 7 పీఎస్ఐ మధ్యలోనే. మామూలు గేజీ అంత తక్కువ ఒత్తిడిని సరిగ్గా చూపించదు, దీనికి తక్కువ ఒత్తిడి గేజీ కావాలి. ఫోర్ వీల్ బండికి ముందు ఒక సైజు, వెనక కంపెనీ చెప్పనిది ఇంకో సైజు టైర్లు వేసినా, గాలిలో బాగా తేడా ఉన్నా, ముందు వెనక చక్రాలు ఒకే దూరానికి వేర్వేరు చుట్లు తిరుగుతాయి. ఆ తేడా అంతా షాఫ్టుల్లో మెలిక పడి బిగుసుకుంటుంది. గట్టి నేల మీద ఫోర్ వీల్‌లో నడిపి ఆపాక లివర్ రాకపోవడం, ఫోర్ వీల్ నుంచి టూ వీల్‌కు మారకపోవడం ఇందువల్లే. కొద్దిగా వెనక్కి నడిపితే బిగువు వదులుతుంది. వదిలితే మీ గేర్‌బాక్స్ బాగున్నట్టే, టైర్లు సరిచేయండి.

తర్వాత ఇంజన్ ఆపి, సమంగా ఉన్న నేల మీద గేరులో ఉంచి బండిని ముందుకూ వెనక్కీ ఊపండి. ఇంకొకరిని కింద చెవి పెట్టి వినమనండి. ఎంత ఖాళీగా కదిలాక గేరు ఆపుతోంది, ‘టక్’ శబ్దం ఎక్కడినుంచి వస్తోంది అన్నది ముఖ్యం. వదులైన చైను, అరిగిన యూనివర్సల్ జాయింట్ (షాఫ్టులను కలిపే వంగే కీలు), చక్రం హబ్ లోపల అరిగిన గాడులు, ఇవన్నీ గేరు వేసినప్పుడు ‘దడ్’మనే శబ్దమే చేస్తాయి. ఆ శబ్దం ఇంజన్ కింద కాకుండా వెనక ఇరుసు దగ్గర వినిపిస్తే మీరు వెతకాల్సింది అక్కడే.

4. ఇంజన్ ఆఫ్, ఇంజన్ ఆన్ పరీక్ష

అన్నిటికన్నా ఎక్కువ విషయం చెప్పే పరీక్ష ఇదే, దీనికి పనిముట్లు కూడా అక్కర్లేదు. సమంగా, ఖాళీగా ఉన్న చోట పెట్టుకోండి.

ముందు ఇంజన్ ఆపి, బండిని కొద్దికొద్దిగా కదుపుతూ అన్ని గేర్లూ వేసి చూడండి. పెడల్ గానీ లివర్ గానీ ఎక్కడ బరువుగా ఉంది, ఎక్కడ తేలిగ్గా ఉంది గుర్తుపెట్టుకోండి. తర్వాత ఇంజన్ స్టార్ట్ చేసి, బాగా వేడెక్కనిచ్చి, బ్రేకు నొక్కి మళ్లీ అవే గేర్లు వేయండి.

ఇంజన్ ఆపినప్పుడు హాయిగా పడి, నడుస్తున్నప్పుడు పడకపోతే లేదా ‘కరకర’మంటే, ఇంజన్ నుంచి గేర్‌బాక్స్‌కు శక్తి పూర్తిగా తెగడం లేదు. క్లచ్ సెట్టింగ్, ఐడ్లింగ్, ఆయిల్ లేదా బెల్టు వైపు చూడాలి. గేర్‌బాక్స్ విప్పమన్నవాళ్లకు ఈ ఫలితం చూపించండి.

ఇంజన్ ఆపినా, నడిచినా ఒకేలా బిగుసుకుపోతుంటే సమస్య గేరును జరిపే భాగాల్లో ఉంది. పెడల్ నుంచి లోపలి డ్రమ్ము (ఫోర్కులను జరిపే గాడుల గొట్టం) దాకా ఎక్కడైనా కావచ్చు. ముందు బయట ఉన్నవి చూడాలి.

చల్లగా ఉన్నప్పుడు బాగుండి, గంటసేపు తిరిగాక న్యూట్రల్ దొరకకపోతే క్లచ్ ప్లేట్లు వేడికి పూర్తిగా విడటం లేదని అర్థం. ఆయిల్ పాతబడినా, కేబుల్ వదులుగా ఉన్నా ఇదే జరుగుతుంది.

5. బయటి లింకేజీని (పెడల్‌ను, లివర్‌ను గేర్‌బాక్స్‌కు కలిపే భాగాలను) దగ్గరగా చూడండి

గేర్ పెడల్ ఇంజన్‌లోంచి బయటకు వచ్చిన ఒక షాఫ్టు మీద కూర్చుని ఉంటుంది. షాఫ్టు చుట్టూ సన్నటి నిలువు గాడులు, పెడల్ రంధ్రంలో వాటికి సరిపోయే గాడులు, రెంటినీ బిగించి పట్టే ఒక బోల్టు. మట్టి తుడిచి, షాఫ్టు చివర మీద, పెడల్ మీద కలిసేలా తెల్లని పెన్నుతో ఒకే గీత గీయండి. ఇప్పుడు చేత్తో పెడల్‌ను నెమ్మదిగా ఎత్తుతూ ఆ గీతను చూడండి. పెడల్ మీద గీత ముందు కదిలి, షాఫ్టు మీద గీత ఆలస్యంగా కదిలిందంటే గాడులు అరిగాయి. మీరు తొక్కే కదలికలో కొంత అక్కడే వృథా అవుతోంది, అందుకే గేరు సగం పడి వెనక్కి వస్తోంది. బోల్టు బిగిస్తే కొన్నిసార్లు సరిపోతుంది, లేదంటే పెడల్ మార్చాలి. షాఫ్టు గాడులే పోతే పని పెద్దది.

పెడల్ తొక్కి వదిలాక అదే మధ్య స్థానానికి రావాలి. రాకపోతే ముందు పెడల్ వంగి ఇంజన్ కవరుకో ఫుట్ రెస్టుకో తగులుతోందేమో చూడండి. రాళ్లలో తిరిగిన బండికి పెడల్‌తో పాటు షాఫ్టు కూడా వంగడం మామూలే. ఏదీ తగలకుండానే పెడల్ వేలాడుతుంటే లోపలి రిటర్న్ స్ప్రింగ్ పోయింది. చాలా ఇంజన్లలో ఇది పక్క కవరు తీస్తే అందుతుంది, ఇంజన్ రెండు ముక్కలు చేయాల్సిన అవసరం రాదు.

సీవీటీ బండిలో అయితే చేతి లివర్ నుంచి గేర్‌బాక్స్ దాకా ఒక కడ్డీయో కేబులో వెళ్తుంది. దాని రెండు చివర్ల కీళ్లు అరిగితే లివర్ ‘హై’లో ఉన్నట్టు కనిపిస్తుంది గానీ లోపల గేరు పూర్తిగా పడదు. అలా సగం పడ్డ గేరుతో నడిపితే డాగ్స్ అంచులు గుండ్రంగా అరిగిపోతాయి, ఆ తర్వాత గేరు దానంతటదే జారిపోవడం మొదలవుతుంది. సెట్టింగ్ లోపం గేర్‌బాక్స్ జబ్బుగా మారేది ఇలాగే. కడ్డీని గేర్‌బాక్స్ వైపు విప్పి, గేర్‌బాక్స్ చేతిని నేరుగా కదిపి చూడండి. ప్రతి స్థానంలో ‘క్లిక్’మని ఆగితే లోపల బాగుంది, కడ్డీ పొడవు సరిచేస్తే చాలు.

6. ఆయిల్ తీసి చూడండి

సెకండ్ హ్యాండ్ బండిలో ఏ ఆయిల్ పోశారో అమ్మినవాళ్ల మాట మీద ఆధారపడొద్దు. మాన్యువల్, సెమీ ఆటోమేటిక్ రెంటిలోనూ క్లచ్ ప్లేట్లు ఇంజన్ ఆయిల్‌లోనే మునిగి ఉంటాయి. ఇంధనం ఆదా చేస్తుందని రాసి ఉండే కార్ల ఆయిల్‌లో ఘర్షణ తగ్గించే రసాయనాలు ఉంటాయి, అవి ప్లేట్లను జారేలా చేస్తాయి. డబ్బా మీద జాసో (జపాన్ ఆయిల్ ప్రమాణం) ఎంఏ లేదా ఎంఏ2 అని ఉండాలి. జాసో ఎంబీ స్కూటర్ల లాంటి వాటికోసం, తడి క్లచ్‌కు పనికిరాదు. తప్పు ఆయిల్ వల్ల జారుతున్న క్లచ్, సరైన ఆయిల్ రెండుసార్లు మార్చాక చాలావరకు కోలుకోవచ్చు, కాబట్టి ప్లేట్లు కొనే ముందు ఇది చేయండి. సీవీటీ బండ్లలో గేర్‌బాక్స్ ఆయిల్ ఇంజన్ ఆయిల్‌కు వేరుగా ఉంటుంది. దాన్ని ఏళ్ల తరబడి మార్చనివాళ్లే ఎక్కువ.

బండిని కొద్దిగా నడిపి ఆయిల్ వెచ్చబడ్డాక శుభ్రమైన పళ్లెంలోకి తీయండి. పాలు కలిపినట్టు తెల్లగా ఉంటే నీళ్లు దిగాయి, లోతు నీళ్లలో నడిపిన బండి అయ్యుండాలి. డ్రెయిన్ బోల్టుకు అయస్కాంతం ఉంటే దాన్ని వేళ్ల మధ్య రుద్ది చూడండి. బూడిదరంగు మెత్తటి ముద్ద వేళ్లకు నునుపుగా తగిలితే మామూలు అరుగుదలే. గరుకుగా గుచ్చుకునే పొరలు, పన్ను అంచులా ఒక వైపు పదునుగా విరిగిన ముక్క కనిపిస్తే ఇక నడపొద్దు. గేరో డాగో విరిగింది, ఆ ముక్క ఇంకో గేరు మధ్యకు వెళ్తే నష్టం ఎన్నో రెట్లు పెరుగుతుంది.

7. క్లచ్ సెట్టింగ్

మాన్యువల్ బండిలో క్లచ్ లివర్ చివర సుమారు 10 నుంచి 15 మిల్లీమీటర్ల ఖాళీ కదలిక ఉండాలి. అంతకన్నా ఎక్కువైతే క్లచ్ పూర్తిగా విడదు, గేర్లు గట్టిగా పడతాయి, న్యూట్రల్ దొరకదు. ఖాళీ అసలు లేకపోతే క్లచ్ ఎప్పుడూ కొంచెం విడిచే ఉంటుంది, జారి కాలిపోతుంది. సెట్ చేశాక హ్యాండిల్ రెండు వైపులా పూర్తిగా తిప్పి చూడండి. తిప్పినప్పుడు ఖాళీ మారితే కేబుల్ వెళ్లే దారి సరిగా లేదు.

సెమీ ఆటోమేటిక్‌లో ఇంజన్ పక్క కవరు మీద ఒక స్క్రూ, దాని చుట్టూ లాక్ నట్ ఉంటాయి. చాలా హోండా మోడళ్లలో పద్ధతి ఇది: ఇంజన్ ఆపి, లాక్ నట్ వదులు చేసి, స్క్రూను గడియారానికి వ్యతిరేక దిశలో నెమ్మదిగా తిప్పాలి. చేతికి కొద్దిగా అడ్డు తగలగానే ఆపాలి. అక్కడినుంచి గడియారం దిశలో పావు మలుపు వెనక్కి తెచ్చి, స్క్రూ కదలకుండా పట్టుకుని లాక్ నట్ బిగించాలి. ఇతర కంపెనీల్లో దిశ తిరగబడొచ్చు, మాన్యువల్ చూడకుండా చేయొద్దు. ఎన్నో బండ్లు ‘గేర్‌బాక్స్ పోయింది’ అని తక్కువకు అమ్ముడుపోయేది ఈ పావు మలుపు తేడాకే, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఈ బండ్లలో ఇంకో క్లచ్ కూడా ఉంటుంది, ఇంజన్ వేగం పెరిగితే దానంతటదే పట్టుకునే సెంట్రిఫ్యూగల్ క్లచ్. గేరులో పెట్టి యాక్సిలరేటర్ ఇవ్వకపోయినా బండి ముందుకు పాకుతుంటే ముందు ఐడ్లింగ్ తగ్గించి చూడండి. తగ్గించినా పాకితే ఆ క్లచ్ స్ప్రింగులు అలసిపోయి ఉంటాయి. బయల్దేరేటప్పుడు వణుకుతూ, ఎక్కువ రేజు చేస్తే గానీ కదలకపోతే ఆ క్లచ్ లోపలి షూలు (పట్టుకునే రాపిడి ముక్కలు) అరిగాయి. దిగుడులో యాక్సిలరేటర్ వదిలినా ఇంజన్ బండిని ఆపకుండా న్యూట్రల్‌లో ఉన్నట్టు జారిపోతుంటే వన్ వే క్లచ్ (ఒక దిశలోనే పట్టే క్లచ్) పాడై ఉండొచ్చు. ఇది ప్రాణాలకు సంబంధించిన విషయం, సరిచేసేదాకా వాలు ప్రదేశాలకు ఆ బండి తీసుకెళ్లొద్దు.

8. సీవీటీ అయితే బెల్టు గది తెరవండి

‘హై’కో రివర్స్‌కో వేస్తే ‘కరకర’మనే సీవీటీ బండిలో మొదటి అనుమానం ఐడ్లింగ్ మీద పెట్టుకోండి. ఇంజన్ నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు ముందు పుల్లీ బెల్టును పూర్తిగా వదిలేయాలి. ఐడ్లింగ్ ఎక్కువగా ఉంటే అది బెల్టును కొంచెం పట్టి లాగుతూనే ఉంటుంది, గేర్‌బాక్స్ లోపల షాఫ్టు తిరుగుతూనే ఉంటుంది, తిరిగే గేరులోకి డాగ్స్ ఎలా దూరతాయి? చల్లగా ఉన్న ఇంజన్ చోక్ మీద వేగంగా తిరుగుతున్నప్పుడు గేరు వేయొద్దనేది కూడా ఇందుకే. యమహా అల్ట్రామాటిక్ దీనికి భిన్నం. అందులో బెల్టు ఎప్పుడూ బిగువుగానే ఉంటుంది, పట్టడం వదలడం ఆయిల్‌లో ఉన్న వేరే క్లచ్ చేస్తుంది. లక్షణం ఒకటే అయినా వెతికే చోటు వేరు.

ఇంజన్ ఆపి, తాళం తీసేసి, చల్లారాక కవరు విప్పండి. కవరు లేకుండా ఇంజన్ నడిపి చూడాలన్న ఆలోచన అస్సలు వద్దు, తెగిన బెల్టు వేళ్లు తీసేస్తుంది.

బెల్టు పక్కలు అద్దంలా మెరుస్తుంటే అది జారి కాలింది. ఒక్క చోట మాత్రమే నడుము సన్నగా ఉంటే, చక్రాలు ఇరుక్కున్నప్పుడు ఎవరో యాక్సిలరేటర్ అలాగే నొక్కి ఉంచారు. నడుస్తున్నప్పుడు లయగా ‘దడ్ దడ్’ అని తగిలేది ఆ చోటే. వెడల్పు కొలిచి మాన్యువల్‌తో పోల్చండి. అరిగిన బెల్టు పుల్లీలో లోపలికి దిగిపోతుంది, బయల్దేరడం ఆలస్యమవుతుంది, పై వేగం తగ్గుతుంది. పుల్లీ ముఖాల మీద గోరు తగిలేంత గాడులు ఉంటే కొత్త బెల్టు కూడా తొందరగా పోతుంది. ముందు పుల్లీ లోపలి రోలర్లు ఒక వైపు చదునుగా అరిగితే వేగం మారేటప్పుడు తడబాటు వస్తుంది, ఆగేటప్పుడు చివరి క్షణంలో ఒక కుదుపు వస్తుంది. చాలా బండ్లలో ఇదంతా శుభ్రం చేసి రోలర్లు మారిస్తే పోతుంది.

గదిలో నీళ్లుంటే డ్రెయిన్ మూత తీసి వదిలి, కవరు మూసి, న్యూట్రల్‌లో కాసేపు ఇంజన్ రేజు చేస్తే బెల్టు ఆరుతుంది. కొత్త బెల్టు వేస్తే మొదటి 50 కిలోమీటర్లు పూర్తి యాక్సిలరేటర్ ఇవ్వకుండా, బరువు లాగకుండా నడపండి. నెమ్మదిగా వెళ్లేటప్పుడు, ఎత్తు ఎక్కేటప్పుడు, బరువు లాగేటప్పుడు ‘లో’ వాడండి. ‘హై’లో పాకించడమే బెల్టులను ఎక్కువగా చంపేది.

9. ఎలక్ట్రిక్ షిఫ్ట్‌లో ముందు బ్యాటరీ

బటన్ నొక్కితే గేరు మారదు, గేరు అంకె ఉండాల్సిన చోట గీతలు మెరుస్తాయి. అప్పుడు బటన్ పదేపదే నొక్కడం ఆపి, బ్యాటరీ ఓల్టేజీ కొలవండి. ఇంజన్ ఆపి కాసేపైన తర్వాత నిండు బ్యాటరీ 12.6 ఓల్టుల దగ్గర ఉండాలి. తక్కువ ఉంటే ఛార్జ్ చేసి, తాళం ఒకసారి ఆపి మళ్లీ వేసి చూడండి. తర్వాత షిఫ్ట్ మోటారు, యాంగిల్ సెన్సర్ (గేరు మార్చే షాఫ్టు ఎంత తిరిగిందో చెప్పేది) కనెక్టర్లు విప్పి పచ్చటి తుప్పు ఉంటే శుభ్రం చేయండి. ఇక్కడితోనే చాలావాటికి నయమవుతుంది. దారిలో మొరాయిస్తే చేత్తో గేరు మార్చడానికి కంపెనీ ఒక పనిముట్టు ఇస్తుంది, అది టూల్ కిట్‌లో ఉందో లేదో ఇవాళే చూసుకోండి. చేత్తో తిప్పితే గేర్లు సాఫీగా పడుతున్నాయంటే లోపల బాగుంది, జబ్బు వైర్లలోనో మోటారులోనో సెన్సర్‌లోనో ఉంది.

10. ఇప్పుడు నడిపి చూడండి

హెల్మెట్ పెట్టుకుని, మనుషులు లేని ఖాళీ మైదానంలో, ఇంజన్ పూర్తిగా వేడెక్కాక. చూడాల్సింది రెండు తేడాలు.

ఇంజన్ వేగం పెరిగి బండి వేగం పెరగకపోతే అది జారడం. పై గేరులో, ఎత్తు మీద, ఉన్నట్టుండి యాక్సిలరేటర్ ఇచ్చినప్పుడు బాగా తెలుస్తుంది. ఇది క్లచ్ లేదా బెల్టు. జారడం మెత్తగా ఉంటుంది, శబ్దం ఉండదు, కాలిన వాసన రావచ్చు.

లాగుతుండగా ‘ఠాప్’మని ఒక్కసారి వదిలేసి, మళ్లీ పట్టుకుంటే లేదా న్యూట్రల్‌లోకి పడిపోతే అది గేరు ఎగిరిపోవడం. ఏ గేరులో జరుగుతోందో గమనించండి. ఒక్క గేరులోనే, ప్రతిసారీ అదే గేరులో అయితే ఆ గేరు డాగ్స్ గుండ్రంగా అరిగాయి లేదా దాని ఫోర్క్ వంగింది. వేర్వేరు గేర్లలో అప్పుడప్పుడు అయితే పెడల్, లింకేజీ, లోపలి డ్రమ్మును పట్టి ఉంచే స్ప్రింగు వైపు చూడాలి. బూటు కొన పెడల్ కింద ఆనుకుని ఉందేమో కూడా చూసుకోండి. మట్టి పట్టిన లావు బూటుతో ఇది తరచూ జరుగుతుంది.

జరిగినవి అప్పటికప్పుడు రాసుకోండి: ఏ గేరు, చల్లగానా వేడిగానా, లాగుతున్నప్పుడా వదిలినప్పుడా, పైకి మార్చినప్పుడా కిందకా.

11. విప్పక తప్పదని తేలితే

ఆయిల్‌లో విరిగిన ముక్క కనిపించినా, లింకేజీ సరిచేశాక కూడా ఒకే గేరు ఎగిరిపోతున్నా, ఇంజన్ ఆపినా గేర్లు బిగుసుకునే ఉండి బయట తప్పేమీ కనబడకపోయినా, ఇక విప్పాల్సిందే. అప్పటిదాకా నడపకుండా ఉంచండి.

మెకానిక్ దగ్గరికి వెళ్లినప్పుడు ‘గేర్లు సరిగా పడట్లేదు’ అని ఒక్క మాటలో చెప్పకండి. రాసుకున్న కాగితం చేతికివ్వండి, ఆఫ్ ఆన్ పరీక్షలో ఏం తేలిందో చెప్పండి, ఇప్పటికే మీరు సరిచేసినవి ఏవో చెప్పండి. విప్పాక పాత భాగాలు మీకు చూపించమని ముందే అడగండి. అరిగిన డాగ్స్ ఉన్న గేరును మాత్రమే మార్చి, అది దూరే ఎదుటి గేరును పాతదే ఉంచితే కొన్నాళ్లకు మళ్లీ అదే మొదలవుతుంది. కాబట్టి జతగా మార్పించండి, ఆ గేరును జరిపే ఫోర్క్‌ను కూడా వంగిందో లేదో కొలిపించండి. కేస్ తెరిచే ఉంటుంది కాబట్టి షాఫ్ట్ సీళ్లు, బేరింగులు అప్పుడే మార్పించుకోండి. వాటికోసం మళ్లీ ఇంజన్ దించాల్సిన పని ఉండదు.